యాకోబ్ వాన్ రూయిస్‌డాల్

యాకోబ్ వాన్ రూయిస్‌డాల్ (1628 లేక 1629 – 1682) సుప్రసిద్ధ డచ్చి ప్రకృతిదృశ్య చిత్రకారుడు. హాలెండులోని హార్లెం పట్టణంలో జన్మించాడు. తండ్రి ఐజాక్, పినతండ్రి సాలమన్ కూడా చిత్రకారులే. 1648లో హార్లెం చిత్రకారుల సంఘంలో సభ్యుడైనాడు. 1650 ప్రాంతంలో జర్మనీ సరిహద్దులోని బెంట్‌హైమ్‌కు వెళ్ళాడు. అక్కడి కోట నిజానికి చిన్న గుట్టపైనే ఉన్నది. ఇతని చిత్రంలో మాత్రం అది పర్వతశిఖరమంత ఎత్తున కనిపిస్తుంది. 1657 నాటికి ఆమ్‌స్టర్‌డాంలో స్థిరపడ్డాడు. వివాహం చేసుకోలేదు.

'''రేఖాచిత్రాలు, ప్రతీకలు'''

ఆమ్‌స్టర్‌డాం సమీపంలోని ఔడర్‌కెర్క్ గ్రామంలో పోర్చుగీసు యూదుల శ్మశానవాటిక ఉన్నది. రూయిస్‌డాల్ అక్కడి సమాధులను ఉన్నవి ఉన్నట్లుగా గీసిన రెండు రేఖాచిత్రాలు హార్లెంలోని టేలర్స్ మ్యూజియంలో భద్రపరచబడినవి. అవే సమాధులు తరువాత రెండు తైలవర్ణ చిత్రాలలో (డ్రెస్డెన్, డెట్రాయిట్) దర్శనమిస్తాయి. కాని వాటిలో శిథిల భవనం, మోడువారిన చెట్టు, ఉరకలువేసే వాగు, ఇంద్రధనుస్సు అదనంగా చేరాయి. ఇవేవీ ఆ స్థలంలో లేనివే. శిథిలాలు, మోడు జీవితపు అశాశ్వతత్వానికీ, ఇంద్రధనుస్సు ఆశకూ ప్రతీకలని పండితులు వ్యాఖ్యానించారు. రేఖాచిత్రాన్ని పక్కన పెట్టి చూస్తేనే చిత్రకారుడు బుద్ధిపూర్వకంగా చేర్చినదేదో తెలుస్తుంది. అయితే ఇతని ప్రతి గాలిమరలోనూ, ప్రతి ఎండుకొమ్మలోనూ నీతిని వెదకడం సమంజసం కాదు. ఈ విషయంలో పండితులలోనూ ఏకాభిప్రాయం లేదు.

'''మరణం'''

1682 మార్చిలో మరణించిన రూయిస్‌డాల్‌ను హార్లెంలోని సెయింట్ బావో చర్చిలో ఖననం చేశారు. కడు పేదరికంలో, బీదల ఆశ్రయంలో కన్నుమూశాడన్న కథ చాలాకాలం ప్రచారంలో ఉండేది. అలా 1681లో మరణించినది ఇతని పినతండ్రి సాలమన్ కుమారుడు. అతని పేరు కూడా యాకోబే, అతడూ చిత్రకారుడే.