పేరులో దాగిన వల: భాగ్యరెడ్డి వర్మ



భావజాలం అనే మాట మన సభల్లో తరచూ వింటాం. అందులో జాలం అంటే వల. దీఘనికాయంలో మొదటి సుత్తం పేరు కూడా బ్రహ్మజాల సుత్తమే. 62 రకాల దృష్టుల్ని వివరించి, చిన్న చెరువులో వేసిన వలలో చేపలు చిక్కినట్టు, వాటిని పట్టుకున్నవాళ్లంతా ఆ వలలోనే ఉంటారని బుద్ధ భగవానుడు చూపించారు. ఆ వల ఎట్లా ఉంటుందో భాగ్యరెడ్డి వర్మ గారి జీవితంలో చూడండి.

ఆయన 1888 మే 22న హైదరాబాదులో ఒక మాల కుటుంబంలో పుట్టారు. అసలు పేరు మాదరి భాగయ్య. 1906లో జగన్మిత్ర మండలి పెట్టి, హరికథలు చెప్పించి బస్తీల్లో జనాన్ని కూడగట్టారు. 1911లో అదే మాన్య సంఘమైంది. బడులు పెట్టారు, తాగుడు మీద, జోగిని దురాచారం మీద పోరాడారు. 1913లోనే బుద్ధ జయంతి జరిపారు.

1917 నవంబరులో బెజవాడలో ప్రథమ ఆంధ్రదేశ పంచమ మహాసభ. అధ్యక్షుడు ఆయనే. పంచమ అనేది తిట్టు కాదు, గమనించండి. మన మేలు కోరిన సంస్కర్తలు మర్యాద అనుకుని వాడిన మాట. మనోళ్లూ వాడారు. కిటుకంతా అక్కడే ఉంది. ఐదోవాడు అనాలంటే ముందు నాలుగు వర్ణాలు నిజమని ఒప్పుకోవాలి కదా! బడి కావాలి, బావి కావాలి అని ఎంత గట్టిగా అడిగినా, ఆ పేరుతో అడిగినంతకాలం ఆ లెక్క చెక్కుచెదరదు. అబద్ధమైతే కాదనొచ్చు. భావజాలం మామూలు మాటలా వస్తుంది, ద్వేషించేవాడి నోటా ప్రేమించేవాడి నోటా ఒకేలా పలుకుతుంది.

అధ్యక్షపీఠం నుంచి ఆయన దాన్నే పట్టుకున్నారు. శాస్త్రాల్లో ఐదో వర్ణమే లేదని, మనం ఈ నేల తొలి మనుషులమని వాదించారు. పంచమ సభగా మొదలైనది ఆది ఆంధ్ర మహాసభ అయింది. 1922లో మద్రాసు ప్రభుత్వం ఆ పేరును ఒప్పుకుంది. 1931 జనాభా లెక్కల్లో నిజాం రాజ్యంలో మనవాళ్లు ఆది హిందువులుగా నమోదయ్యారు.

మరి రెడ్డి ఏంటి, వర్మ ఏంటి, ఆది హిందువు ఏంటి అంటారా? అడగాల్సిందే. రెడ్డి అంటే రేడు, ఒకప్పుడు ఏలినవాళ్లం మనమే అని ఇంటి గురువు ఆ పేరు పెట్టారు. వర్మ ఆర్యసమాజం ఇచ్చిన బిరుదు. హిందువంటే ఈ దేశపు మనిషి అనే అర్థంలో ఆయన వాడారు. కానీ మాట మనం ఇచ్చిన అర్థం దగ్గర ఆగుతుందా? అంత పెద్ద వల తెంచిన చేతికే ఇంకో వల పోగులు అంటుకున్నాయి. ఆయన్ని తక్కువ చేయడానికి చెప్పట్లేదు. బుద్ధ వందనం చేసి, పిల్ల పెళ్లికి పంతులు దగ్గర ముహూర్తం అడిగే ఇళ్లు మన మధ్య లేవా? ఏదో ఆనవాయితీ అంటాం.

1939 ఫిబ్రవరి 18న ఆయన కన్నుమూశారు. నాగపూర్ దీక్షకి ఇంకా పదిహేడేళ్లుంది. అక్కడ బాబాసాహెబ్ చేయించిన 22 ప్రతిజ్ఞల్లో మొదటి ఆరూ వదిలేయాల్సిన వాటి గురించే. అష్టాంగ మార్గం ఆ తర్వాతే వస్తుంది.