గుంటూరు రెండుసార్లు పోగొట్టుకున్న నిజాం

మైలవరంలో విజయవాడ బస్సెక్కి జి.కొండూరు దాటితే కొండపల్లి కొండలు కనిపిస్తాయి. మనలో చాలామందిమి ఆ ఖిల్లా ఎక్కి ఫోటోలు దిగినవాళ్లమే. 1766లో ఈస్టిండియా కంపెనీ సైన్యం ఆ ఖిల్లాని పట్టుకుంది. అప్పుడది ఎవరిదో తెలుసా? హైదరాబాద్ రెండో నిజాం, నిజాం అలీ ఖాన్‌ది.

ఇతను 1734లో పుట్టాడు. మొదటి నిజాంకి నాలుగో కొడుకు. 1762లో అన్న సలాబత్ జంగ్‌ని దించేసి, బీదర్ కోటలో బంధించి గద్దెనెక్కాడు. కాబట్టి అమాయకుడేమీ కాదు.

గద్దెనెక్కిన మూడేళ్లకే మొదటి దెబ్బ తగిలింది. 1765లో క్లైవ్, చక్రవర్తి షా ఆలం దగ్గర ఉత్తర సర్కార్లు కంపెనీవే అని ఫర్మానా రాయించుకున్నాడు. ఏలుతున్నది నిజాం, రాసిచ్చింది మొఘల్ చక్రవర్తి, తీసుకున్నది కంపెనీ! ఆ కాగితం పట్టుకునే మరుసటి ఏడాది జనరల్ కైలాడ్ సేన కొండపల్లికి వచ్చింది. నిజాం యుద్ధానికి సిద్ధమయ్యేసరికి కంపెనీ రాజీకొచ్చింది. 1766 నవంబర్‌లో సంధి కుదిరింది. సర్కార్లు కంపెనీకి, బదులుగా ఏటా 9 లక్షల రూపాయలు, అవసరమైతే సైన్య సాయం. గుంటూరు మాత్రం నిజాం తమ్ముడు బసాలత్ జంగ్ బతికున్నంతకాలం అతనిదే.

సంధి సిరా ఆరకముందే మాట తప్పింది నిజామే. 1767లో హైదర్ అలీతో చేతులు కలిపి కంపెనీ మీదికి వెళ్లాడు. చెంగం, తిరువణ్ణామలై దగ్గర దెబ్బతిని వెనక్కి తగ్గాడు. 1768లో ఇంకో సంధి. కంపెనీ కట్టాల్సిన సొమ్ము తగ్గిపోయింది.

అసలు కథ గుంటూరుది. 1779లో మద్రాసు కంపెనీవాళ్లు నిజాంకి చెప్పకుండా నేరుగా బసాలత్ జంగ్‌తో ఒప్పందం చేసుకుని గుంటూరు తీసుకున్నారు. దాన్ని ఆర్కాటు నవాబుకి గుత్తకిచ్చారు. పైగా బసాలత్ జంగ్ ఉండే ఆదోనికి తమ సైన్యాన్ని హైదర్ ఏలుబడిలోని కడప మీదుగా, అతని అనుమతి అడక్కుండానే పంపారు. హైదర్ మనుషులు దారి కట్టేశారు.

ఈసారి నిజాం ఒంటరిగా కోపం తెచ్చుకుని ఊరుకోలేదు. హైదర్‌నీ మరాఠాలనీ కలుపుకున్నాడు. దక్కనులో మూడు బలాలూ ఒక్కటైతే తమ పని అయిపోయినట్టేనని కలకత్తాకి అర్థమైంది. 1780లో గుంటూరు తిరిగి ఇచ్చేయమని మద్రాసుకి ఆర్డర్ వచ్చింది. గుంటూరు చేతికి రాగానే నిజాం మెల్లగా కూటమి నుంచి తప్పుకున్నాడు. హైదర్ యుద్ధంలో మిగిలిపోయాడు.

1782లో బసాలత్ జంగ్ చనిపోయాడు. సంధి ప్రకారం గుంటూరు మాకివ్వాలని కంపెనీ అడుగుతూ వచ్చింది. 1788లో కార్న్‌వాలిస్ ఒక పక్క కెన్నవే అనే దూతని హైదరాబాద్ పంపి, ఇంకో పక్క సైన్యాన్ని కదిలించాడు. అంతకుముందు ఏడాది వరకూ నిజాం మరాఠాలతో కలిసి టిప్పు మీద యుద్ధం చేశాడు. ఇప్పుడు పక్కన నిలబడేవాడు లేడు. గుంటూరు పోయింది, ఈసారి శాశ్వతంగా.

ఒకే ఊరు, ఒకే కంపెనీ. 1780లో తిరిగొచ్చింది, 1788లో రాలేదు. సంధి మాట మొదటిసారి నిజాం వైపు, రెండోసారి కంపెనీ వైపు ఉందన్నది నిజమే. కానీ రెండుసార్లూ పని జరిపించింది కాగితం కాదు, వెనకాల ఎంత బలం ఉందన్నదే.

1795లో ఖర్దా దగ్గర మరాఠాలు నిజాంని ఓడించారు. స్నేహితుడనుకున్న కంపెనీ కదల్లేదు. అలిగి ఇంగ్లీషు పటాలాన్ని పంపేశాడు, కొడుకు తిరగబడేసరికి మళ్లీ పిలిచాడు. అప్పటికి తన దగ్గరున్న గట్టి బలం ఫ్రెంచి రేమండ్ తయారుచేసిన సేన. 1798 సంధితో దాన్నీ రద్దు చేశాడు. 1800 సంధి ప్రకారం ఇక కంపెనీకి తెలియకుండా ఎవరితోనూ మంతనాలు జరపకూడదు. 1780లో తనని కాపాడిన దారిని తన సంతకంతోనే మూసేసుకున్నాడు. ఆ కాపలా సైన్యం ఖర్చు కింద, టిప్పు మీద యుద్ధాల్లో వాటాగా వచ్చిన కడప, బళ్లారి ప్రాంతాల్ని 1800లో కంపెనీకే రాసిచ్చాడు. అవే దత్తమండలాలు.

1803 ఆగస్టులో చనిపోయాడు. మక్కా మసీదులో సమాధి ఉంది. సర్కార్లకి కంపెనీ కట్టాల్సిన సొమ్ము మాత్రం లెక్కల్లో అలాగే నడిచింది. 1823లో ఒకేసారి డబ్బిచ్చి ఆ హక్కునీ కొనేసింది. అంటే 57 ఏళ్లపాటు మన కొండపల్లిలో కంపెనీ, కాగితం మీదైతే, అద్దెకున్నట్టే.