దత్తమండలముల మన్రో దొర

కల్యాణ పట్టణమున బిజ్జలుని భాండాగారమును కాచిన శ్రీ బసవేశ్వరుడు, ఖజానాకు చేరు ధనమంతయు కాయకము చేయువాని చెమటనుండి పుట్టినదే యని ఎరిగిన మహాత్ముడు. ప్రభువు తన చేతిలోని సొమ్మును, నేలను ఎవరికి, ఏ కారణమున ఒసగవలెనను ప్రశ్న శరణులకు క్రొత్తది కాదు. ఆ మహానుభావునికి ఆరు శతాబ్దముల పిమ్మట అదే ప్రశ్న మన సీమలో ఒక పరదేశీయుని ముందు నిలిచెను. అతడే సర్ థామస్ మన్రో.

మన్రో 1761వ సంవత్సరము మే 27వ తేదీన స్కాట్లండు దేశమందలి గ్లాస్గో నగరమున జన్మించెను. తండ్రి అమెరికాలోని వర్జీనియాతో వర్తకము చేసెడివాడు. అమెరికా వలసల యుద్ధమున ఆ వర్తకము కూలిపోయినది. ఇంటి పేదరికమే ఆ యువకుని ఓడ ఎక్కించెననవచ్చును. 1780 జనవరిలో అతడు కుంపిణీ సైన్యమున సామాన్య క్యాడెట్టుగా మదరాసులో దిగెను. ఆ యేడే హైదరాలీతో యుద్ధము వచ్చినది. పండ్రెండేండ్లు అతని బ్రతుకు గుడారములలోనే గడచినది.

1792లో శ్రీరంగపట్టణపు సంధివలన టిప్పు సుల్తాను బారామహలును కుంపిణీకి అప్పగించెను. కృష్ణగిరి మొదలగు ఆ సీమ కుప్పమునకు సమీపముననే కలదు. కెప్టెన్ రీడు అను అధికారికి సహాయకుడై మన్రో అచ్చట ఏడేండ్లు శిస్తు పని నేర్చెను. చేనుగట్టుపై నిలిచి రైతుతో మాటలాడుట అతనికి అలవాటైనది అక్కడనే.

1799లో అతనిని కన్నడ జిల్లాకు పంపిరి. ఆ తీరము అతనికి రుచింపలేదు. కాని అచ్చటి పాత లెక్కలు అతని కన్నులు తెరిపించినవి. విజయనగరపు హరిహరరాయల నాటి శిస్తు కొలతలును, వారి పిమ్మట ఏలిన కేళది ప్రభువుల లెక్కలును అతనికి లభించెను. కేళది నాయకులు వీరశైవులు. శివప్ప నాయకుని శిస్తు పద్ధతి నేటికిని కన్నడనాట పేరెన్నిక గన్నది. ఆ సీమలో భూమి రైతు సొత్తనియు, అతడు దానిని అమ్మవచ్చును, కొనవచ్చును, బిడ్డలకు పంచవచ్చుననియు మన్రో గ్రహించెను. ఈ దేశమున భూమియంతయు రాజుదే యని కుంపిణీ దొరలలో పెక్కురు నమ్ముచున్న కాలమది. వారి మాటకు వీరశైవ ప్రభువుల నాటి కాగితములు బదులు చెప్పినవని మనము గర్వింపవచ్చును.

1800 అక్టోబరులో నైజాము ప్రభువు తనకు రక్షణగా ఉంచిన సైన్యపు ఖర్చునకై బళ్ళారి, అనంతపురము, కడప ప్రాంతములను కుంపిణీకి ధారపోసెను. అవియే దత్తమండలములు. 1928లో నంద్యాలలో రాయలసీమ యను పేరు వచ్చువరకు మన సీమకు అదే పేరు. నేలనే జీతముగా ఇచ్చుట ఈ దాన పత్రములోనే కనబడుచున్నది గదా! మన్రో ఆ మండలములకు ప్రధాన కలెక్టరయ్యెను. మదనపల్లె అప్పుడు కడప సీమలోనిది. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడునంతవరకు అట్లే యుండెను. మదనపల్లెలో కలెక్టరు బంగళా యున్న తావున తొలుత మన్రో ఒక పూరియిల్లు కట్టించుకొనెనని చెప్పుదురు.

అతడు వచ్చునాటికి సీమ స్థితి దయనీయము. రాయల కాలమున సేనలను పోషించుటకై నాయకులకు అమరముగా నేలనిచ్చిరి. పాళెగాండ్రకు కావలి నిమిత్తము గ్రామములిచ్చిరి. యుద్ధమున మడిసినవాని కుటుంబమునకు రక్తమాన్యము, చెరువు కట్టించినవానికి దశబంధము, దేవాలయమునకు దేవదాయము, విప్రునకు భట్టవృత్తి, జంగమ మఠమునకు దాసోహ నిమిత్తము మాన్యము, కరణమునకు, తలారికి, నీరుగంటికి, చాకలి మంగలి వారలకు చాకిరి ఈనాములు నుండెను. గ్రామరక్షణ చేయు కట్టుబడివారికిని నేలయే జీతము. రొక్కము తక్కువగా నుండి నేల ఎక్కువగా నున్న రాజ్యమునకు ఇది తప్పనిసరి మార్గము. రోమక చక్రవర్తులు వృద్ధ సైనికులకు భూములొసగినదియు ఇందులకే. అయితే రాయల సింహాసనము కూలినను పాళెము కూలలేదు. కావలికై ఇచ్చిన నేల కొల్లగొట్టుటకు ఆధారమాయెను. దత్తమండలములలో ఎనుబదిమంది పాళెగాండ్రును, వారి వెంట సుమారు 30,000 మంది సాయుధులును ఉండిరి.

మన్రో వారిపట్ల కఠినముగా వర్తించెను. కప్పము పెంచెను, ఎదురు తిరిగినవారిపై జనరల్ క్యాంబెల్ సేనను పంపించెను, లొంగినవారిలో పలువురికి నెలసరి పింఛను నిర్ణయించి నేలను రైతుల పేర వ్రాయించెను. ఈ కాఠిన్యమును లండనులోని కుంపిణీ డైరెక్టర్లే ఆక్షేపించిరి. వారి ఆక్షేపణలో న్యాయము లేకపోలేదు. తరతరముల హక్కును ఒక కాగితముతో పింఛనుగా మార్చినచో ఆ మంట ఆరదు. ఉయ్యాలవాడ నరసింహారెడ్డి అట్టి పింఛను కుటుంబములోనివాడే. తన బంధువుల పింఛను రద్దగుటయు, కట్టుబడివారి ఈనాములను సర్కారు తిరిగి తీసికొనుటయు 1846 నాటి తిరుగుబాటునకు కారణములు. మన్రో గతించి అప్పటికి ఇరువది యేండ్లు కావచ్చినది. 1847 ఫిబ్రవరి 22న నరసింహారెడ్డిని కోవెలకుంట్లలో ఉరిదీసిరి.

కాని మన్రో కీర్తి నిలిచినది మరొక పనివలన. 1802లో ఆరంభించి పొలములన్నింటిని అతడు కొలిపించెను. ముప్పదిమూడడుగుల గొలుసు, ఆ గొలుసు పొడవు, అంత వెడల్పు గల చదరము ఒక గుంట, నలువది గుంటలు ఎకరము. నేటికిని మన పల్లెలలో గుంట యను మాట వినబడుచున్నది. మధ్యవర్తి జమీందారు లేక రైతు పేరనే శిస్తు నిర్ణయమయ్యెను. బీడు నేలను సాగుచేయ వచ్చినవానికి కౌలు నిచ్చి తొలి యేండ్లలో తక్కువ శిస్తు కట్టనిచ్చుటయు, ఎద్దులకు విత్తనములకు తక్కావి అప్పు లిచ్చుటయు నుండెను. 1862లో అమెరికా ప్రభుత్వము అయిదేండ్లు సేద్యము చేసినవానికి 160 ఎకరములు ఇచ్చు శాసనము చేసినది. అచ్చట ఆ నేల పూర్వవాసులైన తెగల నుండి గుంజుకొన్నది, ఇచ్చట పారిపోయిన రైతునే తిరిగి తన పొలమునకు పిలిచిరి. భేదము స్వల్పము కాదు.

శిస్తు భారము మాత్రము అధికముగానే యుండెను. అది మన్రోకు తెలియును. 1807 ఆగస్టులో సీమను వీడుటకు ముందు, శిస్తు నూటికి 25 వంతులు తగ్గింపవలెననియు, బావుల క్రింది తోటభూములకు మరికొంత తగ్గింపవలెననియు అతడు వ్రాసెను. సర్కారు వినలేదు. అతడు వెడలిన వెంటనే గ్రామములను గుత్తకిచ్చు పద్ధతిని తెచ్చి రైతును గుత్తేదారుల పాలు చేసెను. 1820లో మన్రో మదరాసు గవర్నరై తిరిగి వచ్చి ఆ తగ్గింపును తానే అమలుచేయవలసి వచ్చెను. పదమూడేండ్లు! ఆ నడుమ ఎన్ని కుటుంబములు నాగలి వదలెనో!

ఈనాముల విషయమున అతని బుద్ధి రెండు విధముల నడచెను. నవాబులు శాశ్వతమని వ్రాసియిచ్చిన జాగీరులను గూర్చి 1822లో వ్రాసిన లేఖలో, శాశ్వతమను పదము పత్రములోనే గాని ఆచరణలో లేదనియు, ప్రభువులు వానిని ఇచ్చవచ్చినప్పుడు తీసికొనుచుండిరనియు వాదించెను. మఠములు, చెరువులు మొదలగువాని మాన్యములను ప్రజలు వేరుగా తలంతురు. మంత్రాలయ మఠపు గ్రామమును సర్కారు తీసికొనబోగా మన్రో స్వయముగా వెళ్ళి, పాదరక్షలు విడిచి బృందావనము ముందు నిలువగా రాఘవేంద్రస్వామి అతనితో మాటలాడెననియు, మాన్యము మఠమునకే నిలిచెననియు భక్తుల నమ్మకము. ఈనాము పత్రముల విచారణ 1858లో ఈనాము కమిషనుతో గాని తేలలేదు. నాడు కొంత జోడి కట్టుమని మాన్యములను స్థిరపరచిరి. ఆంధ్ర ప్రాంతమున 1956 చట్టముతో అవి రైత్వారీగా మారినవి.

మన్రో పద్ధతి మదనపల్లె పొలములకు వచ్చెనే గాని ప్రక్కనున్న పుంగనూరు, కుప్పము గల కంగుంది జమీందారీలుగానే మిగిలినవి. ఒకే వాన, ఒకే ఎఱ్ఱనేల. ఒక ఊరి రైతు సర్కారునకు, పొరుగూరి రైతు జమీందారునకు శిస్తు కట్టుచుండిరి. 1948 నాటి ఎస్టేట్ల రద్దు చట్టమువలన గాని ఆ భేదము తొలగలేదు.

పదవినుండి విశ్రాంతి గొని స్వదేశమునకు పోవలసిన సమయమున, తన పాత సీమను కడసారి చూడగోరి మన్రో 1827లో దత్తమండలములకు వచ్చెను. పాపఘ్ని నది గండిలో కొండల నడుమ బంగారు తోరణము అతనికి మాత్రమే కనబడెననియు, అది చూచినవాడు బ్రతుకడని ఒక వృద్ధుడు పలికెననియు కడప సీమలో కథ కలదు. జూలై 6న పత్తికొండలో విషూచి సోకి అతడు గతించెను. గుత్తిలో పాతిపెట్టిన దేహమును 1831లో మదరాసు కోటలోని చర్చికి చేర్చిరి. పత్తికొండలో అతని పేర బావి త్రవ్వించి చింతతోపు వేయించిరి. ఆ సీమలో చాలకాలము తలిదండ్రులు తమ బిడ్డలకు మన్రోలప్ప యని పేరు పెట్టుకొనుచుండిరి.