మూసిన పెట్టెలోకి తొలిచూపు: రాంట్‌జెన్ మహాశయుని జీవితం

రైల్వే స్టేషనులో అయినా, విమానాశ్రయంలో అయినా మన పెట్టెలు, సంచులు కదిలే పట్టీ మీద పెట్టి, అవతలి వైపున తిరిగి తీసుకోవడం నేడు అందరికీ అలవాటైపోయింది. విదేశాల్లో ఉన్న పిల్లల దగ్గరకు వెళ్లివచ్చే మన సభ్యులకు ఇది మరీ పరిచితం. ఆ కొద్ది క్షణాల్లో పెట్టె తాళం తీయకుండానే లోపలున్నదంతా ఒక తెర మీద కనిపిస్తుంది. ఈ వింతకు మూలపురుషుడు జర్మనీ దేశపు భౌతిక శాస్త్రవేత్త విల్‌హెల్మ్ కాన్రాడ్ రాంట్‌జెన్. ఆయన పేరు వినగానే మనకు ఆస్పత్రి, విరిగిన ఎముక గుర్తుకు వస్తాయి. కాని ఎముకతో పాటు మూసిన పెట్టె లోపలిని కూడా మొట్టమొదట చూపించినవారు ఆయనే. ఆ మహనీయుని జీవితాన్ని, ఆయన వెలిగించిన దీపం నుంచి వెలిగిన ఇతర దీపాలను ఈ ప్రత్యేక సంచికలో స్మరించుకుందాం.

బాల్యం – విద్యాభ్యాసం

రాంట్‌జెన్ 1845 మార్చి 27న లెనెప్ అనే చిన్న పట్టణంలో జన్మించారు. తండ్రి బట్టల వ్యాపారి. తల్లి హాలెండు దేశస్థురాలు. ఆయనకు మూడేళ్ల వయసప్పుడు కుటుంబం హాలెండులోని అపెల్‌డోర్న్‌కు తరలిపోయింది. చదువులో అసాధారణ ప్రతిభ ఏదీ చిన్నతనంలో కనబడలేదు. చేతిపనులన్నా, చిన్న చిన్న యంత్రాలు తయారు చేయడమన్నా మాత్రం ఎంతో ఇష్టం.

ఉట్రెక్ట్ సాంకేతిక పాఠశాలలో చదువుతుండగా ఒక అపవాదు మీద పడింది. ఎవరో విద్యార్థి ఒక ఉపాధ్యాయుని వ్యంగ్య చిత్రం గీశాడు. ఆ నేరం రాంట్‌జెన్ మీద మోపి బడి నుంచి వెళ్లగొట్టారు. గీసినవాడి పేరు ఆయన బయటపెట్టలేదని చెబుతారు. ఆ ఒక్క సంఘటనతో విశ్వవిద్యాలయ ప్రవేశానికి కావలసిన యోగ్యతాపత్రం దక్కకుండా పోయింది. అయితే ప్రవేశ పరీక్ష ద్వారా చేర్చుకునే జ్యూరిచ్ పాలిటెక్నిక్‌లో 1865లో చేరి మెకానికల్ ఇంజనీరింగ్ చదివారు. 1869లో జ్యూరిచ్ విశ్వవిద్యాలయం నుంచి డాక్టరేటు పొందారు. అక్కడే ఆగస్ట్ కుంట్ అనే ఆచార్యుని ఆదరణ లభించి, భౌతిక శాస్త్రం వైపు మళ్లారు.

గురువు వెంట వుర్జ్‌బర్గ్ వెళ్లినప్పుడు, పాత యోగ్యతాపత్రం లేదన్న కారణంగా ఆ విశ్వవిద్యాలయం ఆయనకు బోధనార్హత ఇవ్వలేదు. 1872లో బెర్తా లుడ్విగ్‌ను వివాహమాడారు. స్ట్రాస్‌బర్గ్, హోహెన్‌హైమ్, గీసెన్ నగరాల్లో పనిచేసి, 1888లో అదే వుర్జ్‌బర్గ్‌కు ఆచార్యులుగా తిరిగి వచ్చారు. 1894లో ఆ విశ్వవిద్యాలయానికే అధ్యక్షులయ్యారు. కాగితం లేదని కాదన్న చోటే పెద్దపీట దక్కడమంటే ఇదే. సర్వీసు రికార్డులో ఒక్క కాగితం లేక ఏళ్ల తరబడి తిరిగినవారు మనలో లేకపోలేదు. వారికి ఈ కథ కొంత ఊరట.

ఆ ఏడు వారాలు

1895 నవంబరు 8, శుక్రవారం సాయంత్రం. గాలి తీసివేసిన గాజు గొట్టంలో విద్యుత్తును ప్రసరింపజేసి ఆయన ప్రయోగం చేస్తున్నారు. గొట్టాన్ని నల్లని అట్టతో పూర్తిగా కప్పారు. గది చీకటి. అయినా కొంత దూరంలో ఉన్న, బేరియం ప్లాటినోసయనైడ్ పూసిన తెర మెరిసింది. అట్టను దాటి ఏదో వస్తున్నదని గ్రహించారు. ఆ తరువాత ఏడు వారాలు తిండి, నిద్ర ప్రయోగశాలలోనే. ఏమిటో తెలియని కిరణాలు కనుక గణితంలో తెలియని రాశికి వాడే అక్షరంతో ఎక్స్ కిరణాలని పేరు పెట్టారు. డిసెంబరు 22న భార్య చేతిని పావుగంట సేపు ఫోటో పలక మీద ఉంచి తీసిన చిత్రంలో ఎముకలు, ఉంగరం స్పష్టంగా పడ్డాయి. డిసెంబరు 28న తన పరిశోధనా వ్యాసం సమర్పించారు.

ఆ వ్యాసంలో చేతి ఎముకల మాట అందరికీ తెలుసు. దాని పక్కనే మరొకటుంది. చిన్న పెట్టెలో పెట్టి మూసిన తూకపు రాళ్ల ఛాయాచిత్రం తాను తీసినట్లు అందులో పేర్కొన్నారు. అంటే పెట్టె తెరవకుండా లోపలి వస్తువును చూసే విద్య, వైద్యం పుట్టిన రోజుల్లోనే పుట్టింది.

ఆయన వస్తువులను ఒక్కొక్కటిగా పరీక్షించారు. సుమారు వెయ్యి పేజీల పుస్తకాన్ని కిరణాలు దాటాయి. పేకముక్కల కట్టలను, చెక్కను దాటాయి. పదిహేను మిల్లీమీటర్ల అల్యూమినియం వాటిని బాగా తగ్గించినా పూర్తిగా ఆపలేదు. ఒకటిన్నర మిల్లీమీటరు సీసపు రేకు మాత్రం దాదాపు ఆపేసింది. బరువైన పదార్థం ఎక్కువ ఆపుతుందని తేలింది. కాని గాజు, అల్యూమినియం, క్వార్ట్‌జ్, కాల్‌సైట్ ఇంచుమించు ఒకే సాంద్రత గలవైనా, కాల్‌సైట్ మిగతావాటికంటే ఎక్కువ అడ్డుకోవడం గమనించారు. సాంద్రత ఒక్కటే కారణం కాదని అప్పుడే రాశారు. ఆ పదార్థంలోని పరమాణువుల స్వభావం కూడా కారణమని తరువాతి వారు తేల్చారు. నేటి లగేజి యంత్రాల రహస్యమంతా ఆ చిన్న పరిశీలనలోనే ఉంది.

పేటెంటు వద్దన్న దాత

వార్త ప్రపంచమంతా పాకింది. ఈ కిరణాల మీద పేటెంటు తీసుకుంటే అపార ధనం వచ్చేది. కాని విజ్ఞానం మానవాళి అందరిదన్న నమ్మకంతో ఆయన తీసుకోలేదు. రాజవంశీకుల బిరుదును కూడా అంగీకరించలేదు. 1901లో భౌతిక శాస్త్రంలో మొట్టమొదటి నోబెల్ బహుమతి ఆయననే వరించింది. ఆ సొమ్మును వుర్జ్‌బర్గ్ విశ్వవిద్యాలయానికి ఇచ్చివేశారు. 1900లోనే ఆయన మ్యూనిక్‌కు వెళ్లారు. పదవీ విరమణ వరకు అక్కడే పనిచేశారు.

ఈ కిరణాలకు మరో ముఖం కూడా ఉందని లోకానికి కొంత ఆలస్యంగా తెలిసింది. అమెరికాలో ఎడిసన్ దగ్గర ఈ ప్రయోగాలు చేసిన సహాయకుడు క్లారెన్స్ డాలీ చేతులు కాలి, క్యాన్సరు సోకి 1904లో మరణించాడు. నేడు లగేజి యంత్రానికి సీసపు పొరలు, సీసం కలిపిన పరదాలు ఉండటానికి అలాంటి త్యాగాలే కారణం. అందుకే ఆ పరదాల మధ్యకు చేయి పెట్టి సంచిని లాగకూడదు.

ఒక విత్తనం – ఎన్నో చెట్లు

ఇప్పుడు ఆ కిరణాల వారసుల సంగతి చూద్దాం. అమెరికాలో 1973 జనవరి నుంచి ప్రయాణికులందరినీ, వారి చేతి సంచులను తనిఖీ చేయడం తప్పనిసరి చేశారు. విమానాల దారి మళ్లింపులే దానికి కారణం. అప్పటి యంత్రాలు నలుపు తెలుపు నీడను మాత్రమే చూపేవి. తుపాకీ, కత్తి వాటికి దొరికేవి. కాని పేలుడు పదార్థం లోహం కాదు. సబ్బు, బెల్లం, ఆవకాయ లాగే అది కూడా తేలిక పరమాణువుల ముద్ద. నీడలో దాన్ని గుర్తించడం చాలా కష్టం.

ఈ కష్టం తీర్చడానికి వచ్చింది రెండు శక్తుల పద్ధతి. తక్కువ శక్తి కిరణాన్ని, ఎక్కువ శక్తి కిరణాన్ని విడివిడిగా కొలిచి, పదార్థం ఏ జాతిదో యంత్రం లెక్క కడుతుంది. తిండి, బట్ట, ప్లాస్టిక్ వంటివి నారింజ రంగులోను, తేలిక లోహాలు, గాజు, పింగాణీ వంటివి ఆకుపచ్చలోను, ఇనుము వంటివి నీలంలోను కనిపిస్తాయి. మన ఆవకాయ జాడీ ఆకుపచ్చ గోడ మధ్య నారింజ ముద్దగా కనబడుతుందన్న మాట. దాన్ని తెరిచి చూపమంటే కోపం తెచ్చుకోనక్కరలేదు. కాల్‌సైట్ దగ్గర రాంట్‌జెన్ గమనించిన తేడాయే ఈ రంగులకు ఆధారం.

దీని లోపం ఏమిటంటే, ఒకదాని మీద ఒకటి ఉన్న వస్తువుల నీడలు కలిసిపోతాయి. అందుకని రెండు వైపుల నుంచి చూసే యంత్రాలు వచ్చాయి. అంతకంటే మెరుగైనది ఆస్పత్రి నుంచి వచ్చిన సి.టి. స్కాన్. హౌన్స్‌ఫీల్డ్ రూపొందించిన యంత్రంతో 1971లో మొదటి రోగి తల తీశారు. 1979లో ఆయనకు, కోర్మాక్‌కు కలిపి నోబెల్ వచ్చింది. లగేజి సి.టి.లో కిరణాల గొట్టం పెట్టె చుట్టూ తిరిగి, కూరగాయను చక్రాలుగా తరిగినట్లు పొర పొరగా చూపుతుంది. ప్రతి వస్తువు సాంద్రతను కొలిచి అనుమానం ఉంటే తానే హెచ్చరిస్తుంది. ఇది ఉన్న చోట లాప్‌టాప్ బయటకు తీయవలసిన అవసరం తగ్గుతుంది. ఖరీదు, బరువు, నిర్వహణ మాత్రం ఎక్కువ.

మూడవది, వెనక్కి చెదిరిన కిరణాలను పట్టే పద్ధతి. 1923లో కాంప్టన్ ప్రకటించిన ఫలితం దీనికి మూలం. తేలిక పరమాణువుల పదార్థాలు ఇందులో ప్రకాశవంతంగా కనిపిస్తాయి. వాహనం పక్క రేకుల వెనుక దాచినవి పట్టడానికి ఉపయోగం. అయితే పైపొరలకు దగ్గరగా ఉన్నవే తెలుస్తాయి, లోతుకు పోదు.

పెద్ద పార్సెళ్ల సంగతి వేరు. చేతి సంచి యంత్రం సుమారు నూట నలభై నుంచి నూట అరవై కిలోవోల్టులతో పనిచేస్తుంది. పెద్ద మూటలకు సొరంగం వెడల్పుగా ఉండాలి, కిరణానికి బలం ఎక్కువ కావాలి. ఓడలో వచ్చే కంటెయినరుకు కొన్ని మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి గల త్వరణ యంత్రాలు గాని, కోబాల్టు వంటి వాటి గామా కిరణాలు గాని వాడతారు. కిరణం ఎంత లోతుకు పోతే చిన్న వస్తువుల తేడాలు అంత పలచబడతాయి. కాబట్టి పెద్ద పార్సెలుకు ఒక్క యంత్రం చాలదు. దూదిగుడ్డతో తుడిచి అణువుల ఆనవాలు వెదికే పరికరం, శిక్షణ పొందిన జాగిలం తోడుగా ఉండాలి.

మనుషులను చూడటానికి రెండు మార్గాలు. లోహపు ద్వారం అయస్కాంత ప్రేరణ మీద నడుస్తుంది. లోహం కానిది దానికి కనిపించదు. నిలబెట్టి చూసే స్కానర్లు మిల్లీమీటరు తరంగాలు వాడతాయి. ఈ తరంగాలతో కలకత్తాలో తొలి ప్రయోగాలు చేసి చూపినవారు మన జగదీశ్ చంద్ర బోస్. అదీ రాంట్‌జెన్ కాలంలోనే, 1890ల మధ్యలో.

ఎంత యంత్రమైనా మనిషి కావాలి

1985 జూన్ 23న ఎయిర్ ఇండియా కనిష్క విమానం ఐర్లండు తీరానికి దగ్గరలో, అట్లాంటిక్ మీద పేలిపోయింది. 329 మంది మరణించారు. వాంకూవర్‌లో ఒకడు పెట్టె అప్పగించాడు, తాను విమానం ఎక్కలేదు. టొరంటోలో ఆ రోజు ఎక్స్-రే యంత్రం మధ్యలో చెడిపోయింది. మిగతా పెట్టెలను చేతిలో పట్టుకునే వాసన పరికరంతో చూసి పంపేశారు. అదే రోజు జపాను నరీటాలో మరో పెట్టె పేలి ఇద్దరు కార్మికులు చనిపోయారు. ఈ దుర్ఘటన పర్యవసానంగా 1987 ఏప్రిల్ 1న మన దేశంలో పౌర విమానయాన భద్రతా సంస్థ స్వతంత్ర శాఖగా ఏర్పడింది. మనిషి ఎక్కకపోతే వాని పెట్టె కూడా ఎక్కరాదన్న నియమం ప్రపంచమంతా బలపడింది. పరికరాలను పోల్చేటప్పుడు ఏది ఎక్కువ చూస్తుందన్నది ఒక ప్రశ్న. చెడిపోతే ప్రత్యామ్నాయం ఏమిటన్నది అంతకంటే పెద్ద ప్రశ్న. తెర ముందు కూర్చున్నవారి కళ్లు అలసిపోతాయి కనుక అనేక చోట్ల ఇరవై నిమిషాలకొకసారి మనిషిని మారుస్తారు. మధ్య మధ్య యంత్రమే దొంగ బొమ్మ చూపి వారి చురుకుదనాన్ని పరీక్షిస్తుంది.

మన సభ్యులకు రెండు మాటలు. యంత్రం గుండా పోయిన మందులు, తినుబండారాలు చెడిపోవు, వాటిలో కిరణాలు మిగలవు. గుండెకు పేస్‌మేకర్ ఉన్నవారు, మోకాలి కీలు మార్పించుకున్నవారు ముందుగానే సిబ్బందికి చెప్పి, వైద్యుడిచ్చిన కార్డు చూపితే చాలు.

చివరి రోజులు

రాంట్‌జెన్ వృద్ధాప్యం సుఖంగా గడవలేదు. 1919లో భార్య బెర్తా దీర్ఘవ్యాధితో కన్నుమూసింది. సొంత పిల్లలు లేరు. బెర్తా సోదరుని కుమార్తెను పెంచుకున్నారు. మొదటి ప్రపంచ యుద్ధం తరువాత జర్మనీలో ధరలు ఆకాశాన్నంటి, జీవితాంతం దాచుకున్నది కరిగిపోయింది. కరువు భత్యం కోసం ఎదురుచూడటం అంటే ఏమిటో తెలిసిన మనకు ఆ బాధ వేరొకరు చెప్పనక్కరలేదు. పేటెంటు తీసుకొని ఉంటే ఆయనకు ఆ స్థితి వచ్చేది కాదు. 1923 ఫిబ్రవరి 10న మ్యూనిక్‌లో ప్రేగుల క్యాన్సరుతో పరమపదించారు. ఆయన అస్థికలను గీసెన్‌లో తల్లిదండ్రుల సమాధి వద్దనే ఉంచారు. 2004లో 111వ మూలకానికి ఆయన పేరు పెట్టారు.

ఆయన వద్దన్న సొమ్ము ఆయనకు చేరలేదు. కాని ఆ కిరణాన్ని ఎవరి అనుమతీ అడగకుండా ఆస్పత్రి వాడుకుంది, కర్మాగారం వాడుకుంది, విమానాశ్రయం వాడుకుంది. మన పిల్లలు, మనుమలు ఎక్కే ప్రతి విమానం కింద అరలో ఉన్న పెట్టెలు ఆ కిరణం ముందు నుంచి వెళ్లినవే. ఉచితంగా ఇచ్చిన ఆ విద్యను శ్రద్ధగా వాడటం మాత్రం మన వంతు. వరుసలో నిలబడి కాస్త ఆలస్యమైనా, ఓర్పుతో సిబ్బందికి సహకరించడమే ఆ మహనీయునికి మనం సమర్పించగల నివాళి.