లెక్క అడిగిన నల్ల రైతు కథను తెరకెక్కించిన ఆస్కార్ మిషో
1884లో అమెరికాలోని ఇల్లినాయ్‌లో పుట్టిన నల్లజాతి నవలాకారుడు ఆస్కార్ మిషో రైల్వే పోర్టరుగా పనిచేశారు, సౌత్ డకోటాలో సేద్యం చేశారు. (ఆ భూములు మూలవాసుల నుంచి లాక్కున్నవే, ఆ మాట మేము దాటెయ్యం.) తన నవలల్ని ఇంటింటికీ తిరిగి అమ్మారు. ‘ది హోమ్‌స్టెడర్’ నవలను నల్లవాళ్ల కంపెనీయే సినిమాకు అడిగితే, దర్శకత్వం తనకే కావాలని పట్టుబట్టారు. బేరం చెడింది. వాటాలు అమ్మి 1919లో తానే తీశారు.

మమ్మల్ని వదలనిది మాత్రం, ఆయనే రాసి తీసిన ‘వితిన్ అవర్ గేట్స్’ (1920). పాలుకు దున్నే నల్ల రైతుకు చదువుకున్న పెంపుడు కూతురు లెక్కలు రాసిస్తుంది. ఆ లెక్కతో ఆయన భూస్వామి దగ్గరికి వెళ్తాడు. భూస్వామిని కాల్చింది ఒక తెల్లవాడు. మూక ఉరితీసింది ఆ రైతునూ భార్యనూ. జాతి అల్లర్లు జరిగి ఏడాదైనా కాని షికాగోలో సెన్సారు జంకింది.

నాయికలుగా లేతరంగువాళ్లనే ఎంచారన్న విమర్శ న్యాయమే. 1951లో మిషో చనిపోయారు. ఆయన సినిమాల్లో చాలావరకు దొరకవు. ఇది దశాబ్దాల తర్వాత స్పెయిన్‌లో దొరికింది.