పనికి కొలత
(మత్తయి 20:1–16 చదువుడి)

సాయంకాలము వచ్చిన కూలివానికి కూడ ద్రాక్షతోట యజమానుడు దినకూలి పూర్తిగా ఇచ్చెను. జరిగిన పనిని గాక, ఆ రాత్రి వాని యింట పొయ్యి వెలుగవలెనని ఆయన చూచెనేమో. ఒంగోలు జాన్ ఇ. క్లౌ దొరగారి చరిత్ర తలంచినప్పుడెల్ల ఈ ఉపమానమే నా మనస్సునకు వచ్చును.

క్లౌగారు 1836లో అమెరికాలోని న్యూయార్కు రాష్ట్రమున జన్మించిరి. యౌవనమున భూములు కొలుచు సర్వేయరు పని చేసిరి. 1865లో ఇండియాకు వచ్చి, మరుసటి యేట ఒంగోలు చేరిరి. 1867 జనవరి 1న అక్కడ సంఘము ఎనిమిదిమందితో ఆరంభమాయెను. అంతకు పూర్వమే, ఫలము కనబడలేదని ఈ తెలుగు మిషనును మూసివేయుటకు అమెరికాలోని పెద్దలు ఒకటికి రెండుసార్లు ఆలోచించియుండిరి.

ధాత కరువు 1876లో వచ్చెను. గింజలు లేవు. జనులు ఆకులలములు తినుచు, త్రోవల ప్రక్కన పడి చనిపోవుచుండిరి. దొరతనమువారు కరువు పనిగా బకింగ్‌హాం కాలువ త్రవ్వించుచుండగా, క్లౌగారు అందులో మూడున్నర మైళ్ళు కంట్రాక్టుకు తీసికొనిరి. కొలత గొలుసు పట్టి యెరిగినవారే గదా! తమ బోధకులనే మేస్త్రీలుగా నిలిపిరి. వారు కూలీలను కనిపెట్టి పని చేయించుచు, విరామములందు సువార్త చెప్పుచుండిరి. వేలమందికి ఆ కాలువగట్టున కూడు దొరికెను.

ఎన్ని గజముల మన్ను లేచెను అనునది కంట్రాక్టరు కొలత. ఎందరు బాప్తిస్మము పొందిరి అనునది మిషనరీ కొలత. మా వంటి కాపరులము సంవత్సరపు నివేదిక వ్రాయునప్పుడు ఆ గడి దగ్గరనే కలము ఆపి దిగులుపడుదుము. క్లౌగారు కాలువపని పూర్తిచేయించిరి, గాని ఆ పని జనులను బ్రతికించుటకే. రెండవ కొలతనైతే పూర్తిగా ప్రక్కన పెట్టిరి. అనేకులు బాప్తిస్మము కోరినను, అన్నము కొరకు మతము పుచ్చుకొనిరను నింద వారిమీద పడకూడదని సుమారు పదిహేను నెలలు ఎవరికిని ఇయ్యలేదు. అన్ని నెలలు ఆ గడిలో సున్నయే.

1878లో, ఇక కూలియు లేదు, సాయమును లేదు అని తెలియజెప్పినను జనులు కదలలేదు. జూలై 3న గుండ్లకమ్మ యేటిలో, వెల్లంపల్లి యొద్ద, ఆరుగురు బోధకులు ఇద్దరిద్దరుగా వంతులవారీగా 2,222 మందికి బాప్తిస్మమిచ్చిరి. మన సంఘములలో ఈ అంకె చిన్నపిల్లలకు కూడ కంఠస్థము. దానికి ముందున్న సున్నను మాత్రము మరచితిమి. అది వ్రాయుటయే ఎక్కువ కష్టమై యుండునని నాకు తోచును.

క్లౌగారు 1910లో అమెరికాలో ప్రభువునందు నిద్రించిరి. ఆ కాలువ నేడు చాలచోట్ల పూడిపోయినది. సరకుల పడవలు దానిమీద నడువవు.