బళ్ళారిలో ఆగిన టపా విమానం

ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతం 1953 వరకు బళ్ళారి జిల్లాలోనిది. బొంబాయి నుండి చెన్నపట్నం పోయే రైలు దారి ఆదోని మీదుగానే సాగుతుంది. దూరదేశాల ఉత్తరాలకూ అదే దారి. అట్టి జిల్లాకు కేంద్రమైన బళ్ళారిలో 1932 అక్టోబరు 15న ఒక చిన్న విమానం టపా సంచులతో దిగినది. దానిని నడిపినవారు నెవిల్ విన్సెంట్, నడిపించినవారు జె.ఆర్.డి. టాటా.

జహంగీర్ రతన్‌జీ దాదాభాయి టాటా 1904 జూలై 29న పారిస్‌లో జన్మించారు. తండ్రి పార్సీ, తల్లి ఫ్రెంచి వనిత. వారి వేసవి విడిదికి పొరుగున, ఇంగ్లీషు ఛానలును విమానంలో తొలిసారి దాటిన బ్లెరియో కుటుంబం ఉండేది. ఆ సావాసం వృథా పోలేదు. 1929 ఫిబ్రవరి 10న టాటాకు లభించిన విమాన చోదక లైసెన్సు భారతదేశంలో మొదటిది.

ఆగాఖాన్ ఒక పందెం పెట్టారు. ఇంగ్లండు, భారతదేశాల మధ్య ఒంటరిగా ఎగిరిన మొదటి భారతీయునికి బహుమానం. టాటా కరాచీ నుండి పడమరకు, ఆస్పీ ఇంజనీరు అనే 17 ఏండ్ల యువకుడు ఇంగ్లండు నుండి తూర్పునకు బయలుదేరారు. ఈజిప్టులోని అబూకీర్ వద్ద, స్పార్కు ప్లగ్గు లేక కదలలేని స్థితిలో ఇంజనీరు కనిపించాడు. టాటా తన వద్ద అదనంగా ఉన్నది తీసి ఇచ్చారు. కొద్ది గంటల తేడాతో పందెం ఇంజనీరుదే అయినది. జీవితమంతా నిమిషాలు లెక్కించిన మనిషి ఆనాడు గంటలనే దానం చేశారు!

ఇంగ్లండు నుండి కరాచీకి విమానంలో వచ్చిన టపా అక్కడ రైలెక్కి దక్షిణాదికి చేరేసరికి రోజులు గడిచేవి. ఆకాశంలో సంపాదించిన కాలం నేల మీద ఖర్చయ్యేది. బ్రిటిష్ వాయుసేనలో పనిచేసిన విన్సెంట్ ఈ లోపానికి ఉపాయం చెప్పారు; టాటాకు నచ్చినది. ప్రభుత్వాన్ని ఒప్పించడానికి మాత్రం దాదాపు మూడేండ్లు పట్టినది.

1932 అక్టోబరు 15 ఉదయం టాటా స్వయంగా కరాచీలో బయలుదేరారు. ఒకే ఇంజనుగల పుస్ మాత్ విమానం, రేడియో లేదు. 55 పౌన్ల టపా. అహ్మదాబాదులో ఎడ్లబండి మీద తెచ్చిన డబ్బాల పెట్రోలు పోసుకొని, సుమారు 7 గంటలలో బొంబాయి జుహూ మైదానం చేరారు. అక్కడ సంచులందుకొన్న విన్సెంట్ మరొక విమానంలో బళ్ళారి వచ్చి, రాత్రి అక్కడ గడిపి, మరునాడు చెన్నపట్నంలో దిగారు. 1,300 మైళ్ల దారి రెండు రోజులలో ముగిసినది. ఈనాటి జెట్ విమానం ముంబయి నుండి చెన్నైకి రెండు గంటలలో పోతుంది. మధ్యలో బళ్ళారితో దానికి పనిలేదు. అసలు ఆ మజిలీయే కొద్ది సంవత్సరాలలో హైదరాబాదుకు మారిపోయినది.

1933లో ఆ విమానాలు 1,60,000 మైళ్లు ఎగిరి, 155 మంది ప్రయాణికులను చేరవేసినవి. వానకాలంలో జుహూ బురదమయమైతే పూనా నుండి ఎగిరేవి. వేళ మాత్రం తప్పలేదు. విన్సెంట్ 1942లో, యుద్ధకాలపు విమాన ప్రయాణంలో మరణించారు. 1946లో సంస్థ ఎయిరిండియా అయినది. 1948 జూన్‌లో బొంబాయి–లండన్ ప్రయాణాలు మొదలైనవి. ఆదోని తాలూకా ఆంధ్రలో చేరిన 1953లోనే సంస్థ ప్రభుత్వపరమైనది. అయినా 1978 వరకు అధ్యక్షులు టాటాయే.

1982 అక్టోబరు 15న, 78వ ఏట, ఆయన మరల చిన్న విమానం ఎక్కి కరాచీ నుండి బొంబాయికి తామే నడుపుకొని వచ్చారు. 1993 నవంబరు 29న జెనీవాలో కన్నుమూశారు.